పేజెట్ ఎముకకు ఆపరేషన్: తేదీ ఖాయం చేసుకునే ముందు, ఆ తర్వాత

పేజెట్ వ్యాధి పట్టిన తుంటికో, మోకాలికో, తొడ ఎముకకో ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పారంటే, మీరు మొదట అడగాల్సింది తేదీ గురించి కాదు. ఆ ఎముకలో వ్యాధి ఇప్పుడు ఎంత చురుగ్గా ఉందని అడగాలి. తేదీ దాన్ని బట్టే తేలుతుంది.

ఎముక కట్టి వదిలేసిన గోడలాంటిది కాదు. బతికున్నన్నాళ్లూ పాత భాగం కరుగుతూ, ఆ చోట కొత్తది ఏర్పడుతూ ఉంటుంది. పేజెట్ వ్యాధిలో కరిగించే కణాలు మామూలుకంటే పెద్దవై, విచ్చలవిడిగా తినేస్తాయి. ఆ ఖాళీని నింపే కణాలు తొందరలో పొరలు పొరలుగా కాక చిందరవందరగా నింపుతాయి. ఎముక లావవుతుంది, వంగుతుంది, దాంట్లోకి రక్తనాళాలు విపరీతంగా పెరుగుతాయి. చూడ్డానికి బలిసినట్టున్నా బలం ఉండదు. 1877లో సర్ జేమ్స్ పేజెట్ లండన్‌లో వివరించాడు కాబట్టి ఆయన పేరే వచ్చింది. బ్రిటన్‌లో, అక్కడి నుంచి వలస వెళ్లినవాళ్లున్న ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో ఎక్కువ. మన దగ్గర అరుదు. అరుదు కావడం వల్లే ఇక్కడ చాలామందికి ఆపరేషన్ బల్ల దగ్గరికి వెళ్లేదాకా వ్యాధి పేరు తెలియదు. కింద చెప్పిన మొదటి అడుగుకు అందుకే అంత ప్రాధాన్యం.

అడుగు 1: ఇది పేజెట్ వ్యాధేనా?

రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (ఎముక ఏర్పడే చోట ఎక్కువగా ఉండే ఎంజైము) పెరిగి, ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, దట్టంగా కనిపిస్తే పేజెట్ ఒక్కటే కారణం కాదు. మన ప్రాంతంలో ముఖ్యంగా మూడింటిని పక్కకు పెట్టాలి.

ఒకటి ఫ్లోరోసిస్. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల ఎముకలూ తెల్లబడతాయి. కానీ ఫ్లోరోసిస్ వెన్ను, కటి అంతటా రెండు వైపులా సమంగా ఉంటుంది. ముంజేతి రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ఎక్స్‌రేలో ముళ్లలా కనిపిస్తుంది. పేజెట్ ఒక వైపు తొడ ఎముకను పట్టి, రెండో వైపుది వదిలేస్తుంది. పట్టిన ఎముకను లావు చేస్తుంది. అందుకే ముంజేతి ఎక్స్‌రే ఒకటి తీయించమని అడగండి, ఖర్చు తక్కువ.

రెండోది మగవాళ్లలో ప్రొస్టేట్ క్యాన్సర్ ఎముకలకు పాకడం. అది కూడా కటి ఎముకను తెల్లగా చేస్తుంది. పీఎస్‌ఏ రక్త పరీక్ష లేకుండా యాభై దాటిన మగవారికి పేజెట్ అని రాయకూడదు. మూడోది విటమిన్ డి లోపంతో ఎముకలు మెత్తబడటం. అందులోనూ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరుగుతుంది, పైగా పేజెట్‌తో పాటే ఉండొచ్చు కూడా. ఈ ఎంజైము కాలేయం నుంచి కూడా వస్తుంది కాబట్టి జీజీటీ పరీక్ష కలిపి చేయిస్తే అది ఎముకదో, కాలేయానిదో తెలుస్తుంది.

పేజెట్ అని తేలాక ఒళ్లంతా ఒకసారి బోన్ స్కాన్ చేయించాలి. వ్యాధి ఏయే ఎముకల్లో ఉందో అందులో తెలుస్తుంది. ఆపరేషన్ తుంటికే అయినా పుర్రె, వెన్నుపూసలు కూడా అందులో ఉన్నాయేమో మత్తు డాక్టరుకు ముందే తెలియాలి.

అడుగు 2: నొప్పి ఎముకదా, కీలుదా?

ఎక్కువగా తప్పు జరిగేది ఇక్కడే. కీలు అరిగిందని ఎక్స్‌రేలో కనిపించగానే కీలుమార్పిడి చేసేస్తారు. ఆర్నెల్ల తర్వాత కూడా నొప్పి అలాగే ఉంటుంది, ఎందుకంటే అది కీలు నొప్పి కాదు, పేజెట్ ఎముక నొప్పి.

పేజెట్ ఎముక నొప్పి లోతుగా, సలుపుతున్నట్టు ఉంటుంది. పడుకున్నా, రాత్రిపూటా వదలదు. ఎముక పైకి ఉన్న చోట, ఉదాహరణకు మోకాలి కింది టిబియా మీద, చెయ్యి పెడితే రెండో కాలికంటే వెచ్చగా తగులుతుంది. కీలు అరుగుదల నొప్పి లేచి నడిస్తే ఎక్కువై, కూర్చుంటే తగ్గుతుంది. తుంటిదైతే గజ్జల్లో వస్తుంది. రెండూ కలిసి ఉన్నవాళ్లే ఎక్కువ.

తేల్చడానికి రెండు దారులున్నాయి. ఎక్స్‌రే లేదా అల్ట్రాసౌండ్ చూస్తూ కీలులోకి మత్తుమందు ఇంజెక్షన్ వేస్తే, కీలు నొప్పి ఆ కొన్ని గంటలు బాగా తగ్గుతుంది. తగ్గకపోతే కారణం వేరే ఉంది. రెండోది, వ్యాధికి మందు ఇచ్చి రెండు మూడు నెలలు ఆగి చూడటం. ఆ మందు ఆపరేషన్‌కు ముందు ఎలాగూ పనికొస్తుంది కాబట్టి ఆగడం వల్ల నష్టమేమీ లేదు. కొందరికి ఈ దశలోనే నొప్పి తగ్గి ఆపరేషన్ వాయిదా పడుతుంది.

ఎముక వంపు బయటివైపున, అంటే తొడ ఎముకకైతే వెలుపలి అంచున, టిబియాకైతే ముందు అంచున, అడ్డంగా సన్నని పగుళ్లు ఉన్నాయేమో ఎక్స్‌రేలో చూడమని చెప్పండి. బరువు మోపినప్పుడు ఒక్కచోటే వేలు పెట్టి చూపించగలిగే నొప్పి వస్తుంటే ఆ పగులు పెరుగుతున్నట్టు. అప్పుడు కర్రో, వాకరో పట్టుకుని ఆ కాలి మీద భారం తగ్గించాలి. లేకపోతే ఒకరోజు సుద్దముక్క విరిగినట్టు అడ్డంగా విరుగుతుంది.

అడుగు 3: ఎముకను చల్లబరచడం

చురుగ్గా ఉన్న పేజెట్ ఎముకను కోస్తే స్పాంజిని పిండినట్టు రక్తం వస్తుంది. ఎముక కరగడాన్ని ఆపే బిస్ఫాస్ఫొనేట్ జాతి మందుతో వ్యాధి తీవ్రతను తగ్గిస్తే ఆ రక్తప్రవాహం తగ్గుతుందని ఆలోచన. 2014లో అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ, ముందుగా నిర్ణయించుకున్న ఆపరేషన్లకు ముందు ఈ మందు ఇవ్వమని సూచించింది. 2019లో బ్రిటన్ పేజెట్స్ అసోసియేషన్ తరఫున వచ్చిన మార్గదర్శకాలు, రక్తస్రావం తగ్గుతుందనడానికి తగినంత ఆధారం లేదన్నాయి. ఈ రెంటినీ చూసి మేము చెప్పేది ఇది: ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగి ఉండి, ఆపరేషన్ తొందర లేకపోతే మందు వేసుకుని ఆగండి. ఆ అంకె మామూలుగా ఉండి, స్కాన్‌లోనూ వ్యాధి చల్లబడినట్టు కనిపిస్తే, మందు కోసమని ఆపరేషన్ ఆపక్కర్లేదు.

ముందుగా చేయాల్సినవి:

విటమిన్ డి చూపించండి. మిల్లీలీటరుకు 20 నానోగ్రాములకంటే తక్కువుంటే ముందు దాన్ని సరిచేయాలి. మన దగ్గర మామూలుగా 60,000 యూనిట్ల సాచెట్ వారానికొకటి చొప్పున 8 వారాలు రాస్తారు. డి తక్కువుండగా ఈ మందు ఎక్కిస్తే రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోతుంది. పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి, చేతులు కొంకర్లు పోవడం దాని గుర్తులు. క్రియాటినిన్ కూడా చూపించాలి. కిడ్నీ వడపోత నిమిషానికి 35 మి.లీ.కంటే తక్కువుంటే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇవ్వకూడదు. పళ్లు పీకించుకునే పని ఉంటే ఇంజెక్షన్‌కు ముందే పూర్తిచేసి, చిగురు మానేదాకా ఆగండి. ఈ మందు తర్వాత పన్ను పీకితే అరుదుగా దవడ ఎముక మానకుండా ఇబ్బంది పెడుతుంది.

మందు విషయానికొస్తే, మొదటి ఎంపిక జోలెడ్రోనిక్ యాసిడ్ 5 మి.గ్రా., నరంలోకి ఒకేసారి, కనీసం 15 నిమిషాల పాటు ఎక్కిస్తారు. ఇక్కడొక పొరపాటు జరుగుతుంది: ఇదే మందు క్యాన్సర్ రోగులకు 4 మి.గ్రా. వయల్‌గా దొరుకుతుంది. పేజెట్‌కు కావాల్సింది 100 మి.లీ.లో కలిపి వచ్చే 5 మి.గ్రా. సీసా. మెడికల్ షాపులో తీసుకునేటప్పుడే లేబుల్ చదవండి. ఎక్కించే ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగండి. తర్వాత మొదటి మూడు రోజుల్లో జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, పారాసెటమాల్‌తో పోతాయి. కనీసం రెండు వారాలు రోజుకు మొత్తం 1500 మి.గ్రా. కాల్షియం రెండు మూడు విడతలుగా, 800 యూనిట్ల విటమిన్ డి తీసుకోవాలి. రెంటిలో ఏదీ మానొద్దు.

ఇంజెక్షన్ వద్దనుకుంటే రైసెడ్రోనేట్ మాత్ర రోజుకు 30 మి.గ్రా. చొప్పున 2 నెలలు. పరగడుపున, మామూలు నీళ్లతో, తర్వాత అరగంట పడుకోకుండా, ఏమీ తినకుండా. వారానికొకటి వేసుకునే 35 మి.గ్రా. మాత్రలు ఎముక పలచబడిన వాళ్లకోసం, పేజెట్‌కు ఆ మోతాదు చాలదు. ఏ పేరుతోనైనా ఇదే జాతి మందు ఇప్పటికే వాడుతుంటే ముందే చెప్పండి.

ఎంతకాలం ఆగాలి? కనీసం 6 వారాలు, కుదిరితే 3 నెలలు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మెల్లగా దిగుతుంది, పూర్తిగా అడుక్కి చేరడానికి 3 నుంచి 6 నెలలు పడుతుంది. పెద్దవాళ్లలో మామూలు అంకె సుమారు 40 నుంచి 130 యూనిట్ల మధ్య, ల్యాబును బట్టి కొంచెం తేడా. ఒకే ల్యాబులో మళ్లీ చేయించండి, లేకపోతే పోలిక కుదరదు. వ్యాధి ఒక్క ఎముకలోనే ఉన్నవాళ్లకు ఈ అంకె మొదటి నుంచీ మామూలుగానే ఉండొచ్చు. వాళ్లకు ఎముక ఏర్పడే వేగాన్ని రక్తంలో చూపే పీ1ఎన్‌పీ అనే పరీక్ష మేలు.

ఎముక విరిగి వచ్చినవాళ్లకు ఈ ఆగడం వర్తించదు. విరిగిన ఎముకకు వెంటనే ఆపరేషన్ చేయాలి. రక్తం సిద్ధంగా ఉంచుకుని చేసి, డి, కాల్షియం సరిచూశాక మందు తర్వాత ఇస్తారు. వెన్నుపూసలో వ్యాధి వల్ల నరాలు ఒత్తుకుంటున్నవాళ్లలో కొందరికి మందుతోనే కాళ్ల బలం మెరుగవుతుంది కాబట్టి ముందు అదే ప్రయత్నిస్తారు. కానీ కాళ్లు గబగబా బలహీనపడుతున్నా, మూత్రం, మలం అదుపు తప్పినా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

అడుగు 4: సర్జన్ చేతికి సరైన బొమ్మలివ్వడం

మామూలు కీలుమార్పిడికి కీలు దగ్గర ఒక ఎక్స్‌రే చాలు. ఇక్కడ చాలదు. తొడ ఎముక వంపు ముందుకూ, పక్కకూ రెండు దిక్కులా ఉంటుంది. పక్క నుంచి తీసిన బొమ్మ లేకపోతే సగం వంపు కనపడదు. కాబట్టి తుంటి నుంచి చీలమండ దాకా నిలబెట్టి తీసే స్కానోగ్రామ్, తొడ ఎముక మొత్తం ముందు నుంచీ పక్క నుంచీ, ఇంకా అవసరమైతే సీటీ కావాలి. ఐదారేళ్ల కిందటి పాత ఎక్స్‌రేలుంటే పారేయకుండా పట్టుకెళ్లండి, వంపు ఎంత వేగంగా పెరుగుతోందో అవే చెబుతాయి.

ఈ బొమ్మల మీద సర్జన్ ముందే లెక్క వేసుకోవాలి. మోకాలిమార్పిడిలో మామూలుగా తొడ ఎముక మూలుగ నాళంలోకి తిన్నని కడ్డీ పెట్టి, దాని ఆధారంగా కోత కోణం చూస్తారు. వంగిన ఎముకలో ఆ కడ్డీ పోదు, పోయినా కోణం తప్పు చూపిస్తుంది. బయటి నుంచి కొలిచే పరికరమో, కంప్యూటర్ నేవిగేషనో వాడాలి. తుంటిలో గిన్నె (కటి ఎముకలోని గుంట) లోపలికి కుంగి, తొడ ఎముక తల (గుండ్రటి పైకొస) అందులో ఇరుక్కుపోయి ఉంటే, మెలితిప్పి బయటికి లాగే ప్రయత్నంలో తొడ ఎముక విరుగుతుంది. అలాంటప్పుడు తలను లోపలే ఉంచి ఎముక మెడ (తల కింది సన్నని భాగం) దగ్గర కోసి, తర్వాత ముక్కలుగా తీస్తారు. కుంగిన గిన్నె అడుగును ఎముక పొడితో నింపి, పెద్ద సైజు కప్పు వేస్తారు.

వంపు మరీ ఎక్కువైతే ఎముకను కోసి నిటారు చేయాలి. దాన్ని కీలుమార్పిడితో కలిపి చేయాలా, ముందు విడిగా చేయాలా అన్నది సర్జన్ తేల్చుకోవాలి. ఒకటి మాత్రం తెలుసుకోండి: ఎముక చివరల దగ్గర కోసినది నడుమ కోసినదానికంటే త్వరగా అతుకుతుంది.

సర్జన్‌ను నేరుగా అడగాల్సినవి ఉన్నాయి. పేజెట్ ఎముకకు ఆపరేషన్ చేసిన అనుభవం ఉందా? గట్టిపడిన ఎముకను తొలిచే బర్, కొత్త రీమర్లు, అనుకున్న సైజు సరిపోకపోతే పక్క సైజు ఇంప్లాంట్లు ఆ రోజు థియేటర్‌లో ఉంటాయా? రాతిలా గట్టిపడిన చోట రీమర్ మొద్దుబారుతుంది. బలంగా తిప్పితే ఎముక వేడెక్కి ఆ పొర చచ్చిపోతుంది, తర్వాత ఇంప్లాంట్ వదులవుతుంది. నిదానంగా, నీళ్లు పోస్తూ తొలవాలి. ఇంప్లాంట్ సిమెంట్‌తో అతికించేదా, సిమెంట్ లేనిదా అన్న ప్రశ్నకు ఇద్దరు సర్జన్లు రెండు సమాధానాలు చెబితే కంగారుపడకండి. రెండు రకాలతోనూ మంచి ఫలితాలు వచ్చాయి. రక్తం కారుతున్న, గట్టిపడిన ఎముకలోకి సిమెంట్ సరిగా ఇంకదని కొందరు సిమెంట్ లేనిదాన్ని ఎంచుకుంటారు.

అడుగు 5: రక్తం, గుండె, మత్తు

హిమోగ్లోబిన్ నెల రెండు నెలల ముందే చూపించుకోండి. ఐరన్ తక్కువుంటే మాత్రలతో పెరగడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. అంత సమయం లేకపోతే నరంలోకి ఐరన్ ఎక్కించవచ్చు. మామూలు కీలుమార్పిడికంటే ఎక్కువ యూనిట్ల రక్తం సిద్ధం చేయమంటారు. ఎన్నో ముందే అడిగి, దాతలను ఆపరేషన్ ముందురోజు వెతుక్కోకుండా వారం ముందే మాట్లాడుకోండి. కారిన రక్తాన్ని కడిగి తిరిగి ఎక్కించే సెల్ సేవర్ ఉందేమో అడగండి. రక్తం తగ్గడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తారు. గతంలో కాలి నరాల్లోనో, ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డ కట్టి ఉంటే ఆ మాట దాచొద్దు. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ వంటివి ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు ఆపొద్దు.

వ్యాధి చాలా ఎముకల్లో ఉంటే, ఆ ఎముకలకు రక్తం పంపి పంపి గుండె అలసిపోతుంది. ఎకో పరీక్ష తప్పనిసరి. నడుము వెన్నుపూసల్లో వ్యాధి ఉంటే వెన్నుకు మత్తు సూది దిగకపోవచ్చు. పుర్రె అడుగు భాగంలో ఉంటే శ్వాస కోసం గొంతులోకి గొట్టం వేసేటప్పుడు మెడను వెనక్కి వంచకూడదు. బోన్ స్కాన్ కాపీ మత్తు డాక్టరుకు చూపించమనడం ఇందుకే. పేజెట్ పుర్రె వల్ల వినికిడి తగ్గి ఉంటే వినికిడి మిషన్ వెంట తీసుకెళ్లండి, నర్సులకు ముందే చెప్పండి. వినపడనివాళ్లను అయోమయంలో ఉన్నారని పొరబడే ప్రమాదం ఉంది.

ఆరోగ్యశ్రీ కింద వస్తుందో రాదో, ఏ ఇంప్లాంట్ దాకా వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను చేరే ముందే అడిగి తెలుసుకోండి.

అడుగు 6: ఆపరేషన్ తర్వాత

కదలకుండా పడుకోవడమే ఈ వ్యాధిలో పెద్ద ముప్పు. వ్యాధి చురుగ్గా ఉన్న మనిషి మంచం పట్టాడంటే ఎముకల్లోని కాల్షియం రక్తంలోకి వచ్చేయొచ్చు. మలబద్ధకం, ఆగని దాహం, వాంతులు, మగత, మాట తడబాటు కనిపిస్తే ముసలితనం అనో, మత్తు దిగలేదనో అనుకోవద్దు. వెంటనే కాల్షియం పరీక్ష చేయించండి. ఆ రిపోర్టు వచ్చేదాకా కాల్షియం మాత్రలు ఆపే విషయం డాక్టరును అడగండి. నీళ్లు బాగా తాగించడం, వీలైనంత త్వరగా లేపి నిలబెట్టడం మంచిది. కీలుమార్పిడి అయితే మరుసటి రోజే వాకర్‌తో నడిపిస్తారు. ఎముక కోసి నిటారు చేసినవాళ్లకూ, విరిగింది అతికించినవాళ్లకూ భారం మోపే సమయం వేరు. ఎముక అతకడానికి నెలలు పడుతుంది, సర్జన్ చెప్పిన దానికంటే ముందు కాలు ఆన్చొద్దు.

తుంటి ఆపరేషన్ తర్వాత కండల్లో ఎముక పుట్టడం పేజెట్ ఉన్నవాళ్లలో ఎక్కువ. మూడో వారం నుంచి ఆరో వారం మధ్య తుంటి చుట్టూ వెచ్చదనం, వాపు, రోజురోజుకూ కాలు బిగుసుకుపోవడం దాని గుర్తులు. ముందుజాగ్రత్తగా ఇండోమెథాసిన్ 25 మి.గ్రా. రోజుకు మూడుసార్లు కొన్ని వారాలు ఇస్తారు, లేదా ఒకసారి తక్కువ మోతాదు రేడియేషన్ ఇస్తారు. కిడ్నీ సరిగా లేనివాళ్లకూ, కడుపులో పుండు ఉన్నవాళ్లకూ ఇండోమెథాసిన్ పడదు.

ఇంట్లో నేల మీద కూర్చోవడం, పీటలు, కింద కూర్చునే మరుగుదొడ్డి మానేయాలి. ఎత్తు కమోడ్, చేతులున్న కుర్చీ ముందే ఏర్పాటు చేసుకోండి. నిటారు చేసిన కాలి పొడవు మారితే చెప్పు కింద ఎత్తు వేయించాలి.

ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగే ఉంటుంది, అది ఎముక అతుక్కుంటున్న గుర్తు. అది చూసి వ్యాధి తిరగబెట్టిందని మళ్లీ ఇంజెక్షన్ వేయించుకోవద్దు. ఎముక అతుక్కున్నాక ఒక అంకె రాయించి పెట్టుకుని, అక్కడి నుంచి ఆరు నెలలకో, ఏడాదికో ఒకసారి చూపించుకుంటే చాలు. ఒక్క జోలెడ్రోనిక్ ఇంజెక్షన్ ప్రభావం చాలామందిలో ఏళ్ల తరబడి నిలుస్తుంది.

ఒక లక్షణం మాత్రం వాయిదా వేయకూడదు. ఇన్నాళ్లూ ఓర్చుకోగలిగిన చోట కొత్తగా తీవ్రమైన నొప్పి, పెరుగుతున్న గడ్డ, ఆగకుండా ఎగబాకే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కలిసి వస్తే పేజెట్ ఎముకలో క్యాన్సర్ పుట్టిందేమో చూడాలి. నూటికి ఒకరికంటే తక్కువ మందికి వస్తుంది, కానీ వస్తే ఒక్కో రోజూ ముఖ్యమే. ఎంఆర్‌ఐ, ఆ తర్వాత ఎముక క్యాన్సర్లు చూసే సర్జన్ చేతుల మీదే బయాప్సీ జరగాలి, ఎందుకంటే బయాప్సీ కోత తప్పు చోట పెడితే తర్వాత కాలు తీసేయకుండా కాపాడే ఆపరేషన్ కష్టమవుతుంది.

ఫైలు మొదటి పేజీ మీద ఈ నాలుగు రాసి పెట్టుకోండి: వ్యాధి ఉన్న ఎముకల పేర్లు, జోలెడ్రోనిక్ ఎక్కించిన తేదీతో పాటు మోతాదు, వేసిన ఇంప్లాంట్ స్టిక్కర్, ఎముక అతుక్కున్నాక వచ్చిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అంకె. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ పేజీ చూపించండి.